వంతెన దగ్గర నేను మార్చిన మాట

ఇరవై రెండేళ్ళుగా మూడు వాక్యాలు మోస్తున్నాను. రాళ్ళు మోస్తున్నట్టు అని రాద్దామనుకున్నాను గానీ అది నిజం కాదు. రాయైతే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇవి నాతో పాటే స్నానం చేస్తాయి. నాతో పాటే దీపం పెడతాయి. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడతాయి.

మీరెవరో నాకు తెలియదు. నా పేరూ మీకు చెప్పను. ముఖం తెలియని మనిషికైతే చెప్పగలనేమో అనిపించింది, అందుకే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే నమ్మకండి. ఆ పని నాకు బాగా అలవాటైపోయింది.

ముందు నా సంగతి. మాది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. నాన్న గూడ్సు బండికి గార్డు. నేను పుట్టింది, పెరిగింది రాయపూర్ రైల్వే కాలనీలోనే. ఏడో ఏట జ్వరం వచ్చి కీళ్ళు వాచి, ఆ జ్వరం గుండె మీదకి వెళ్ళింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బడి మాన్పించారు. అప్పటి నుంచి నాన్నే నా బడి. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, సింహాచలం అప్పన్న పటానికి దండం పెట్టుకుని, నా పక్కన చాప మీద కూర్చునేవాడు. పాత ఇంగ్లీషు పేపరు ముందు పెట్టేవాడు. ఒక వాక్యం చదవాలి, తెలుగులో అర్థం చెప్పాలి. మళ్ళీ ఒక వాక్యం. మళ్ళీ అర్థం. నాన్నకి ఒకటే నియమం. "అర్థం చెప్పేటప్పుడు నీది కలపకు. వాడేటి రాశాడో అదే చెప్పు."

అలా పదమూడేళ్ళు వచ్చేసరికి మా ఇంట్లో ఇంగ్లీషు నాకే బాగా వచ్చేది. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన అన్నయ్యది హిందీ మీడియం. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు, రెండో లైనుకే విసుక్కునేవాడు. అమ్మకి తెలుగు అక్షరాలు, హిందీ మాటలు.

అన్నయ్య దేవేంద్ర నగర్‌లో ఒక వీడియో గేముల దుకాణంలో సాయంత్రాలు పనికి వెళ్ళేవాడు. మరమ్మతు చేస్తే నడుస్తుందన్న ఒక గేమ్ డబ్బాని యజమాని ఇచ్చేస్తే ఇంటికి తెచ్చి టీవీకి తగిలించాడు. దానితో పాటు ఒకే ఒక్క సీడీ. ఆట పేరు ఇక్కడ రాయను. జపాను వాళ్ళు చేసినది. తుపాకులు, పరుగులు ఉండేవి కావు. ఊరూరూ తిరగడం, కనిపించిన ప్రతి మనిషితో మాట్లాడడం, వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని కథలో ముందుకెళ్ళడం. కొట్లాట తక్కువ, చదవడం ఎక్కువ. తెర కింద చిన్న పెట్టెలో ఇంగ్లీషు వాక్యాలు వస్తాయి. గుండ్రటి మీట నొక్కితే తర్వాతి వాక్యం.

నొక్కేది అన్నయ్య. చదివేది నేను. మనసులో చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని. దుకాణదారు మాటలకి దుకాణదారు గొంతు, ముసలమ్మ మాటలకి ముసలమ్మ గొంతు. అన్నయ్య పగలబడి నవ్వేవాడు. మధ్యాహ్నాలు, అమ్మ కునుకు తీసే వేళ, కిటికీకి తడి తువ్వాలు వేలాడదీసి మేమిద్దరం ఆ లోకంలో ఉండేవాళ్ళం. నాకు బయటికెళ్ళే వీల్లేదు కదా. ఆ టీవీలో ఎంత దూరాలు నడిచానో. మెట్లెక్కాను, కొండలు దిగాను, ఎక్కడా ఆయాసం రాలేదు. ఆ మధ్యాహ్నాలకి దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అబద్ధం దొర్లక ముందరివి కాబట్టి వాటికి దండం పెట్టుకునే హక్కు నాకుంది.

అన్నయ్య బొమ్మలు వేసేవాడు. ఆటలో కొత్త ఊరు రాగానే ఆపేసి, నాన్న తెచ్చిన వాడేసిన ఫారాల వెనక ఆ ఊరిని పెన్సిలుతో గీసేవాడు. కప్పులు, గాలిమరలు, నీడలు. ఖైరాగఢ్‌లో బొమ్మలు నేర్పే చదువుంది, అక్కడ చేరతానని నాన్నతో పోట్లాడి, చివరికి ఒప్పించి, పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాడు. ఒప్పుకున్నాక నాన్న అందరికీ అదేపనిగా చెప్పుకునేవాడు. "మావాడు చిత్రకారుడవుతాడు, నా బ్రేకువానుకి రంగులేస్తాడు" అని.

ఆ వేసవిలో నాన్న పోయాడు. డ్యూటీలోనే, బండి చివర గార్డు కూర్చునే బ్రేకువానులో, గుండె ఆగి. గుండె జబ్బు నాకు, పోయింది ఆయన. ఈ వాక్యం రాసి చాలాసేపు కూర్చున్నాను. తిరిగి చదువుకుంటే ఇది కూడా నా మీదకి జాలి లాక్కోవడానికి రాసినట్టే ఉంది. ఉండనివ్వండి.

రైల్వే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. భార్యకైనా, కొడుక్కైనా. ఒకరికే. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చుని, టీ తాగి, సోమవారం నాటికి ఎవరి పేరు రాయాలో తేల్చుకోమన్నాడు.

అమ్మ వెంటనే అంది, "నా పేరు రాయండి. నేను చేస్తాను. వాడు చదువుకుంటాడు."

ఇది మీకు సరిగ్గా చెప్పాలి. అమ్మ త్యాగం చేస్తున్నట్టు అనలేదు. ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది. నాన్న పోయిన నెలలో ఆ వెలుగు చూసి నాకు కోపం కూడా వచ్చింది. లేడీస్ వెయిటింగ్ రూములో అటెండెంటు పని ఇస్తారని ఎవరో చెప్పారట. నూలు చీరలు రెండు తీసి గంజి పెట్టి ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. కాలనీ వాళ్ళు ఊరుకోలేదు. జవాన్ బేటా ఉండగా మా నౌకరీ కరేగీ క్యా, ఎదిగిన కొడుకుండగా తల్లి ఉద్యోగానికెళ్తుందా, అన్నారు. అన్నయ్య తల వేలాడేశాడు. వాడికి ఖైరాగఢ్ వెళ్ళాలనీ ఉంది, వెళ్తే జనం ముఖాన ఉమ్మేస్తారన్న భయమూ ఉంది.

అమ్మ చివరికి, "అప్పన్న దగ్గర చీటీలు వేద్దాం" అంది. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలకి అదే పద్ధతి. రెండు చీటీలు రాసి, మడిచి, పటం ముందు పెట్టి, ఇంట్లో చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. చిన్నపిల్ల చేతికి ఏ కోరికా ఉండదని నమ్మకం. చిన్నపిల్లని నేనే. అలా జరిగి ఉంటే నా చెయ్యి గుడ్డిది అయ్యేది, ఏది వచ్చినా దేవుడిదయ్యేది, నేను ఇవాళ ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు.

అన్నయ్య వద్దన్నాడు. "చీటీలాటలేటమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం గేమ్ డబ్బా ముందు కూర్చున్నాడు. నాన్న పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. నన్ను పిలిచాడు. కథలో మేము ఎక్కడ ఆగామో చెప్పాలి. ఆటలో కుర్రవాడి తండ్రి ఒక లోయ మీద వంతెనకి కాపలాదారు. మంచులో లాంతరు పట్టుకుని నిలబడేవాడు. అచ్చం గార్డు లాంతరే అని నాన్నే ఒకసారి చూసి మురిసిపోయాడు కూడా. ఆ తండ్రి కథ మొదట్లోనే చనిపోతాడు. కాపలా కుర్రవాడి మీద పడుతుంది. చాలా దూరం వెళ్ళాక, వంతెన మీద మంచు దిగిన రోజు తండ్రి మళ్ళీ కనిపిస్తాడని ఒక ముసలమ్మ మాకు చెప్పింది. మేము ఆ రోజు దాకా వచ్చి ఆగాం.

"బుల్లీ, వంతెన మీదకెళ్దాం" అన్నాడు అన్నయ్య. "ఆయనేటి చెప్తే నేనదే చేస్తాను. నాన్న చెప్పినట్టే అనుకుంటాను."

"ఆటలో మాటకా?" అన్నాను.

"మరి ఎవర్నడగమంటావే. ఇప్పుడు నాకు నాన్న గొంతు కావాలి."

నడిపించాడు. తెర తెల్లబడింది. లాంతరు కనిపించింది. కింద పెట్టెలో వాక్యం వచ్చింది. వాడు మీట నొక్కాడు, రెండోది. నొక్కాడు, మూడోది. నేను మూడూ చదివాను.

ఈ వంతెన నాకు ముందూ ఉంది. నువ్వు వెళ్ళాక కూడా ఉంటుంది. వెళ్ళు, ఈ దారి ఎక్కడిదాకా పోతుందో నా బదులు చూసి రా.

అంతే. కఠినమైన మాట ఒక్కటీ లేదు. నాన్న పేపర్లలో ఇంతకంటే ఎన్ని క్లిష్టమైన వాక్యాలకి అర్థం చెప్పానో. నోరు తెరిచాను. అప్పుడు నాకు కనిపించింది వంతెన కాదు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని స్టేషనుకి వెళ్ళిపోయింది. అన్నయ్య ఖైరాగఢ్‌లో ఉన్నాడు. క్వార్టరులో నేనొక్కదాన్నే. తలుపు లోపల గడియ. నాకు ఆయాసం వచ్చింది, నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. ఇదంతా ఒక్క ఊపిరిలో కనిపించింది.

"ఏటన్నాడే?"

"ఆగు. పెద్ద మాట."

"చెప్పూ."

"నేను పోయాను. ఇక ఈ వంతెన నీది. నువ్వూ వెళ్ళిపోతే ఇంట్లోవాళ్ళకి ఎవరున్నారు, ఇక్కడే ఉండు, అంటున్నాడు."

అన్నయ్య తెర వైపు చూస్తూనే ఉన్నాడు. "ఇంకోసారి చెప్పు."

చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. నాన్న గొంతు కూడా పెట్టాను. ఇది ఎవరికీ చెప్పలేదు నేను. గొంతు కూడా పెట్టాను.

"నీది కలపలేదు కదా?"

"లేదు."

"ఒట్టు?"

"నాన్న మీద ఒట్టు."

వాడు డబ్బా ఆపేశాడు. సేవ్ చెయ్యలేదు. మర్నాడు వాడి పేరే రాశారు. వారం తిరక్కుండా గేమ్ డబ్బా దుకాణంలో ఇచ్చేశాడు.

నాకు తెలిసిన అన్నయ్య అంతటితో ఆగిపోయాడు అంటే కథ బాగుంటుంది. కానీ వాడు ఆగిపోలేదు, బతికాడు. పాయింట్స్‌మన్ అయ్యాడు. ఎండలో, వానలో యార్డులో బండ్లు కలిపాడు, విడదీశాడు. పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని చదివించాడు. జోకులు వేస్తాడు. తాగడు. ఏడవడు. బొమ్మలు మాత్రం వెయ్యడు. ఫారాల వెనక గీసిన ఊళ్ళన్నీ అమ్మ వంటింటి అలమారలో డబ్బాల కింద పరిచింది. బొమ్మలు మాసిపోకుండా కింది వైపుకి తిప్పి పరిచింది. ఇస్త్రీ చీరలు రెండూ చాలా ఏళ్ళు ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఒకసారి అడిగాను, కట్టుకోవేమని. "ఎక్కడికి కట్టుకెళ్తానే" అంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆవిడకి చెప్పలేదు.

చెప్పకపోవడానికి నాకో సాకు ఉండేది. చాలా ఏళ్ళు దాని మీదే ఆనుకుని బతికాను. నాకు పద్దెనిమిదో ఏట గుండె కవాటం ఆపరేషను అయింది. రైల్వే మెడికల్ కార్డు మీద. అన్నయ్య కార్డు మీద. అన్నయ్య ఆ ఉద్యోగంలో చేరకపోతే నేను ఉండేదాన్నా? దేవుడే నా నోటి వెంట ఆ మాట పలికించాడేమో. ఎంత బాగుందో చూడండి, దేవుడి మీదకి నెట్టేశాను. తర్వాత ఒకరోజు, కూరగాయలు తరుగుతూ ఉండగా, చిన్న సంగతి తట్టింది. అమ్మ చేరినా నాకు కార్డు ఉండేది. తల్లి కార్డు మీద కూతురికి వైద్యం ఉంటుంది. ఆపరేషను అలాగే జరిగేది. అదే ఆస్పత్రి, అదే డాక్టరు. అన్నయ్య మాత్రం ఖైరాగఢ్‌లో ఉండేవాడు.

ఇది తట్టాక కత్తిపీట ముందు నుంచి లేవలేకపోయాను. నేను మార్చిన మాట వల్ల నాకు దక్కింది ప్రాణం కాదు. మధ్యాహ్నాలు ఇంట్లో అమ్మ ఉండడం. అంతే దక్కింది. దానికి ఒక మనిషి చెయ్యి ఖర్చు పెట్టాను. అమ్మనీ కలిపితే ఇద్దరు.

నాకు ఒక అలవాటుంది. పొద్దున దీపం పెట్టాక, ఆ రోజు నాకున్నవన్నీ పేరుపేరునా తలుచుకుని అప్పన్నకి దండం పెట్టుకుంటాను. ఊపిరి, ఇల్లు, రాయపూర్‌లోనే మోవా పేటలో మా ఇంటికొచ్చి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు, మా ఆయన నిదానం. ఏది తలుచుకున్నా దాని కింద ఆ మూడు వాక్యాలు తగులుతాయి. దొంగ సొత్తుకి దండం పెట్టుకుంటే అది నైవేద్యమవుతుందా? పిల్లలతో ప్రతి రోజూ అంటాను, నీది కలపకు, వాడేటి రాశాడో అదే చెప్పు అని. వాళ్ళు తలూపుతారు. నేను పేజీ తిప్పుతాను.

ఇలాగే చివరిదాకా గడిచిపోయేదేమో. ఈ ఏడు ఆ ఆట తిరిగొచ్చింది.

పాత ఆటనే కొత్త బొమ్మలతో మళ్ళీ చేశారట. చేతిలో పట్టుకుని ఆడే గేములో. అన్నయ్య కూతురు హాస్టలు నుంచి సెలవులకి వచ్చి, "నాన్నా, నువ్వెప్పుడూ చెప్పే ఆట ఇదేనా" అని తన గేములో వేసి చూపించిందట. వెళ్తూ వెళ్తూ దాన్ని వాడికే వదిలేసింది. అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. వాడి గొంతులో అంత హుషారు నేను ఇరవై రెండేళ్ళుగా వినలేదు.

"బుల్లీ, నమ్మవు. అదే ఊరు, అదే గాలిమర. ఇప్పుడు గాలిమర నిజంగా తిరుగుతోందే."

సంతోషించాలి కదా. నాకు ఆ వంతెనే గుర్తొచ్చింది. అప్పటి నుంచి మూడు వారాలు నేను ఇంట్లో ఒకచోట కూర్చోలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. గుమ్మంలోకి వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోయేదాన్ని. జపం చేస్తుంటే పూసలు ఎక్కడున్నాయో తెలిసేది కాదు. వాడు రెండు రోజులకోసారి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చాడో చెప్పేవాడు. రేవు దాటాను. గుహ దాటాను. ముసలమ్మ కనిపించింది. ఒక మనిషి ఇంకొకరి తప్పు వైపు అంత ఉత్సాహంగా నడిచి రావడం మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు వాడికి ఇంగ్లీషు కాస్త వచ్చు. డ్యూటీ కాగితాలు చదువుతాడు. వంతెన మీదకి వెళ్తాడు. చదువుతాడు. అప్పుడు?

మాట మార్చి ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. నిజం. కొత్తగా చేసినవాళ్ళు ఆ మూడు వాక్యాలూ తీసేసి ఉండాలని అప్పన్నకి మొక్కుకున్నాను. ఏం మొక్కు అది.

నాలుగో వారం ఫోన్ వచ్చింది. "వంతెన దగ్గరకొచ్చి ఆపాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, నా కళ్ళకి ఆనట్లేదు. ఎలాగూ అది నువ్వే చదవాలి. ఆదివారం రా."

వెళ్ళాను. దారి పొడుగునా అనుకున్నాను, ఇవాళ చెప్పేస్తాను. క్వార్టరులో వదిన బెండకాయలు వేయిస్తోంది. అన్నయ్య మంచం మీద నా పక్కన కూర్చుని గేము నా చేతిలో పెట్టి, తను మాత్రం మీట మీద వేలు తీయలేదు. మంచు ఇప్పుడు కదులుతోంది. లాంతరు వెలుగు మంచులో పాకుతోంది. ఎంత బాగా చేశారో. మూడు వాక్యాలు వచ్చాయి. ఒక్క అక్షరం మారలేదు.

ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వంతెన నాకు ముందూ ఉంది అని మొదలుపెట్టి, నా బదులు చూసి రా అన్నదాకా. నాన్న చనిపోయాక మొదటిసారి అన్నయ్యకి ఆయన చెప్పిన పద్ధతిలో అర్థం చెప్పాను.

అన్నయ్య వేలు మీట మీద ఆగిపోయింది.

"అప్పుడు ఇలా లేదు కదా" అన్నాడు.

వంటింట్లోంచి వదిన, "ఆటలో బొమ్మ చెప్పిందని నౌకరీలో చేరిన మొగుణ్ణి ఎవరైనా చూశారా? నాకు దొరికాడు" అంది నవ్వుతూ.

"నువ్వుండు" అన్నాడు అన్నయ్య. మళ్ళీ నా వైపు తిరిగాడు. "అప్పుడు ఇక్కడే ఉండమన్నాడు. నాకు బాగా గుర్తు."

నోరు తెరిచాను. నిజం నాలుక మీద ఉంది. ఇంకో క్షణం ఇచ్చి ఉంటే వచ్చేసేది అని మీతో అనాలనుంది, కానీ వచ్చేది కాదేమో. వాడే నన్ను ఆదుకున్నాడు.

"రీమేక్ హై నా" అన్నాడు. "కొత్తదాన్లో మార్చీసుంటారు."

"అయ్యుంటుంది" అన్నాను.

పదమూడేళ్ళ పిల్ల అబద్ధానికి భయం ఉంది, జబ్బుంది, నాన్న పోయిన దుఃఖం ఉంది. ముప్ఫై ఐదేళ్ళ ఆడదాని 'అయ్యుంటుంది'కి ఏముంది? వాడు ఏమన్నా కొడతాడా? ఇంట్లోంచి వెళ్ళగొడతాడా? ఏదీ కాదు. బెండకాయ వేపుడుతో అన్నం తిన్నాం. వాడు రెండుసార్లు, "ఇదే బాగుంది కదే, ఈ మాటే బాగుంది" అన్నాడు. మజ్జిగ పోసుకుంటూ మళ్ళీ అన్నాడు. నేను తలూపాను. దారి ఎక్కడిదాకా పోతుందో చూసి రమ్మన్న మాట, తనకి రావలసిన వయసులో రాలేదని తెలియక, కొత్తగా ఎవరో రాశారనుకుని మెచ్చుకుంటున్నాడు. ఆ తలూపడం ఉందే, అది మొదటి అబద్ధం కంటే పెద్దది. ఆటోలో తిరిగొస్తుంటే నా మీద నాకే అసహ్యమేసింది. మొదటిది భయంతో చేశాను. ఇది సౌకర్యం కోసం చేశాను.

రెండు రోజులు ఆగాను. దేవుడికి చెప్పుకుంటే సరిపోదా అనుకున్నాను, పటం ముందు కూర్చుని చెప్పుకున్నాను కూడా. ఏమీ కదల్లేదు. అప్పన్నకి ముందే తెలుసు కదా. తెలియని మనిషి యార్డులో ఉన్నాడు.

మంగళవారం పదకొండు గంటలకి, పిల్లలు ఎవరూ లేని సమయం చూసి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, వాళ్ళు మార్చలేదు."

"ఎవరే? ఏటి?"

"ఆటవాళ్ళు. పాతదాంట్లో కూడా అదే ఉంది. అప్పుడు మార్చి చెప్పింది నేను."

అవతల ఇంజను కూత. బండి కలుస్తున్న చప్పుడు.

"ఒట్టేశావు కదే" అన్నాడు. "నాన్న మీద వేశావు."

"వేశాను."

"ఎందుకు?"

"ఇంట్లో ఒక్కదాన్నే ఉండాల్సొస్తుందని భయమేసింది."

నేను ఏడవలేదు. ఏడిస్తే వాడు ఓదారుస్తాడు, అది తెలుసు నాకు. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

"డ్యూటీ మీదున్నాను" అన్నాడు. "పెట్టీ."

పెట్టేశాను.

అది జరిగి పదకొండు రోజులు. వాడు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. చెయ్యడానికి నా దగ్గర ఇంకేం ఉంది గనక. క్షమించు అని అడగలేదు. అడిగితే, వాడి మంచితనానికి వాడు సరే అనేస్తాడు. ఆ సరే కూడా వాడి దగ్గర నేను లాక్కున్నట్టే అవుతుంది. మా ఆయనకి సంగతంతా చెప్పాను. ఆయన విని, "చిన్నపిల్లవి కదా అప్పుడు" అన్నాడు. అది నాకు పనికొచ్చే మాట కాదు. ఆయన తప్పేం లేదు.

నిన్న వదిన ఫోన్ చేసింది. ఏమీ తెలియనట్టే మాట్లాడింది. వాడు చెప్పలేదన్నమాట.

"మీ అన్నయ్యకేటో అయింది బుల్లీ. ఆ ఆట మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాడు. కళ్ళజోడు కొత్తది చేయించుకున్నాడు. పాప డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం తనే చదువుకుంటున్నాడు. ఎందుకీ తంటా, బుల్లిని పిలువు, గడగడా చెప్పేస్తుంది అన్నాను."

"ఏమన్నాడు?"

"డిక్షనరీలో పేజీ తిప్పుకున్నాడు."

వదిన ఇంకా ఏవో చెప్పింది, బియ్యం గురించి, పాప పరీక్షల గురించి. ఊ కొట్టాను. ఫోన్ పెట్టేశాక అలాగే నిలబడ్డాను. ఇక వాడికి నేను చదివి పెట్టక్కర్లేదు. ఎప్పటికీ అక్కర్లేదేమో. నొప్పిగా ఉంది. అయినా వింతగా, ఈ నెలలో మొదటిసారి కాళ్ళు ఒకచోట నిలబడ్డాయి. ఊపిరి ఆడుతోంది. దానికి దండం పెట్టుకోవచ్చో లేదో ఇంకా తేల్చుకోలేదు.

వాడు నెమ్మదిగా చదువుతాడు. వంతెన దాకా రావడానికి చాలా రోజులు పడుతుంది. ఆ మూడు వాక్యాలూ ఈసారి ఎవరి గొంతులోనూ కాకుండా నేరుగా వాడి కళ్ళకే కనిపిస్తాయి. ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తాడో చెయ్యడో తెలియదు. నేను చెప్పవలసింది వాడికి చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పాను. నాది కలపలేదు.